జామ్ వేరు, జెల్లీ వేరు

ఆంబ్రోజ్ థ్వైట్ వినేలా రెండు ఇంగ్లీషు మాటలకి అర్థం ఒకటేనని ఎవరైనా నోరు జారితే, ఆ పూట వాళ్ళ పనులన్నీ గంగలో కలిసినట్టే. స్కెల్‌బెక్‌లో ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. మొదటి మాటగా "మమ్" అనాలో "మమ్మీ" అనాలో తేల్చుకోలేక ఆ ఊరి పిల్లలు మిగతా యార్క్‌షైర్ పిల్లలకంటే ఆలస్యంగా మాట్లాడతారని పక్క ఊరివాళ్ళు అంటారు. పక్క ఊరివాళ్ళు చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు కానీ, ఇది మాత్రం నిజం.

పశువుల సంతలో వేలంపాట పాడి పాడి రిటైరైన మనిషి ఆయన. ఆ గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన గుసగుసలాడితే ఎదురుకొండ మీద గొర్రెలు మేత ఆపి తలలెత్తేవి. ఎర్రటి ముఖం, దాని మధ్యలో ఎవరినో పక్కకి పిలుస్తున్నట్టుండే వంకర ముక్కు, ఏ కాలంలోనూ ఒంటిని వదలని మందపాటి ట్వీడ్ కోటు. చేతికర్ర నేలకి తాటించి "ఆగండాగండి! ఏ మాటన్నారు?" అని మొదలుపెట్టాడంటే, ఆ దారిన పోయే బస్సు కూడా తననే అనుకుని ఆగేది.

వెరిటీ హోల్‌రాయిడ్‌కి ఆయన పేరెత్తితే ఒళ్ళుమంట. ఊరు మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క పచారీకొట్టు ఆమెది. లీడ్స్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం తాళంచెవి చేత్తో పట్టుకుని అంది కదా:

"కొట్టు క్లోజ్ చేస్తున్నానండీ ఆంబ్రోజ్‌గారూ. రేపు రండి."

"క్లోజా? షట్టా?"

"రెండూ ఒకటే కదండీ!" అంది, పాపం, అమాయకంగా.

"ఒకటే అయితే రెండెందుకు పుట్టాయమ్మాయ్? ఇంగ్లీషు వాడేమన్నా దుబారా మనిషా? షట్ అంటే తలుపు వేయడం. క్లోజ్ అంటే వ్యాపారం ముగించడం. తలుపు వేసుకుంటున్నావా, కొట్టెత్తేసి పుట్టింటికి పోతున్నావా? పోతున్నావనుకుని ఊరంతా ఏడిస్తే ఎవరిది పూచీ?"

"ఎవరూ ఏడవరు లెండి."

"ఏడవడమంటే? క్రై చేయడమా, వీప్ చేయడమా?"

అది తేలేసరికి వెరిటీ ఇంట్లో పొయ్యి మీద బంగాళాదుంపలు బొగ్గులైపోయాయి. ఆయన మాత్రం తృప్తిగా ఒక అగ్గిపెట్టె కొనుక్కుని వెళ్ళాడు. ఆయన పొగ తాగడు.

ఆయన కథలు ఊళ్ళో కోకొల్లలు. నిచ్చెన మీంచి పడి కాలు విరిగిన రోజున అంబులెన్సు కుర్రాడు వంగి "నొప్పిగా ఉందా తాతా? పెయిన్ ఎక్కడ?" అన్నాడట. నేల మీద పడుకునే ఆంబ్రోజ్ వేలెత్తాడు. "పెయిన్ అని నువ్వెలా తేల్చావ్? ఏక్ అంటే, హెడేక్‌లో ఉంటుందే అది, అదే పనిగా సలపడం. పెయిన్ అంటే పొడవడం. ముందు ఏది అడుగుతున్నావో చెప్పు, తరవాత నాకేముందో చెబుతా." కుర్రాడు దీర్ఘంగా ఆలోచించి, వెళ్ళి అంబులెన్సులో తనే పడుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే దొంగ పడ్డాడు. కళ్ళు తెరిచి చూసి, ఆయన ఆ దొంగని కుర్చీలో కూర్చోబెట్టాడు. "థీఫ్ వేరు, రాబర్ వేరు, బర్గ్లర్ వేరు. నువ్వెవరు? బర్గ్లర్‌ననకు. బర్గ్లర్ అవ్వాలంటే చీకటిపడ్డాక రావాలి. అది పాతకాలం నుంచీ ఉన్న చట్టం. రాబర్‌వి కావాలంటే నన్ను కొట్టాలి. కొడతావా?" దొంగ కొట్టనన్నాడు. "మరి థీఫ్‌వే. అలాంటప్పుడు ముసుగెందుకు, దండగ?" ఆ దొంగ తన ముసుగు, సంచి, వస్తూ దారిలో ఎక్కడో కొట్టుకొచ్చిన గోడగడియారం అక్కడే వదిలేసి కిటికీలోంచి దూకాడు. ఇప్పుడు వేరే జిల్లాలో బేకరీ పెట్టుకుని నిజాయితీగా బతుకుతున్నాడని వినికిడి.

పెళ్ళెందుకు కాలేదంటారా? వయసులో ఉన్నప్పుడు ఒకమ్మాయి ఏటి గట్టు మీద సిగ్గుపడుతూ "ఐయామ్ ఫాండ్ ఆఫ్ యూ" అంది. "ఫాండా, లవ్వా?" అన్నాడీయన. ఆలోచించి చెబుతానని ఆమె బస్సెక్కింది. ఇంకా ఆలోచిస్తోంది.

సరే, ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ స్కెల్‌బెక్‌లో ఏటా సెప్టెంబరులో జరిగే ప్రదర్శన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఊరి పచ్చికలో పెద్ద గుడారం వేసి, పెరట్లో పండించినవీ పొయ్యి మీద వండినవీ బల్లల మీద పేర్చి పోటీ పెడతారు. గెలిస్తే దక్కేది అరచేతంత ఎర్ర కార్డు. ఆ కార్డు కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళున్నాయి.

ఒకప్పుడు సీసాల్లోకెక్కే తీపి వంటకాలన్నిటికీ కలిపి ఒకటే విభాగం ఉండేది: "జామ్, జెల్లీ వగైరా." అందులో ఎర్ర కార్డు ప్రతి ఏడూ మిసెస్ లావీనియా క్రాంప్టన్‌దే. ఊళ్ళోకల్లా పెద్ద ఇల్లు, పెద్ద తోట, పెద్ద టోపీ ఆవిడవి. ప్రదర్శనకి అధ్యక్షురాలూ ఆవిడే. ఆవిడ రాస్ప్‌బెర్రీ జామ్ చూసి మిగతావాళ్ళ జామ్‌లు సిగ్గుతో మరింత ఎర్రబడేవి.

ఆ ప్రదర్శన నడిపే కమిటీలోకి ఆంబ్రోజ్ అడుగుపెట్టాడు. మొదటి రోజే కర్ర తాటించాడు.

"వగైరా అనే పండు ఏ చెట్టుకి కాస్తుందమ్మా? జామ్‌లో పండు మొత్తం ఉంటుంది. జెల్లీలో వడకట్టిన రసమే ఉంటుంది. ఇవి రెండూ ఒకటేనా?"

ఒకటేనంటే రాత్రి దాకా కూర్చోబెడతాడు. ఎవరికి ఓపిక? "వేరే విభాగం పెట్టేయండి, ఇంటికెళదాం" అన్నారు. మరుసటి ఏడు, నారింజ తొక్కలు వేసి చేసే మార్మలేడ్ విడిపోయింది. తరవాత, నిమ్మరసంలో గుడ్లూ వెన్నా వేసి చిక్కగా కాచే లెమన్ కర్డ్. ఆపైన పికిల్ నుంచి చట్నీ, కేక్ నుంచి బన్, బన్ నుంచి స్కోన్. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు ప్రదర్శన ముక్కలు ముక్కలైపోయింది. చివరికి పోటీదారులకంటే విభాగాలు ఎక్కువైనంత పనైంది.

ఇలా సాగుతుండగా మార్చి నెలలో ఒక గాలివాన వచ్చింది. గుడారం దాచిన కొట్టం పైకప్పునీ దానితోపాటు గుడారాన్నీ ఎత్తుకుపోయి పక్క జిల్లా లాంకషైర్‌లో పడేసింది. అడగడానికి మనవాళ్ళు వెళ్తే, అక్కడివాళ్ళు "గుడారమా? చూళ్ళేదే!" అన్నారు. కానీ ఆ ఊళ్ళో ప్రతి ఇంటి కిటికీకీ ఆకుపచ్చా తెలుపూ చారల కొత్త పరదాలు వేలాడుతున్నాయట.

గుడారం పోతే మిగిలింది ఊరి హాలు. అందులో ఎంత ఇరికించినా పది బల్లలు. మిసెస్ క్రాంప్టన్ ఆ ఏడే కొత్తగా కార్యదర్శి అయిన వెరిటీని పిలిచి టీ పోసింది.

"చూడు వెరిటీ, పది బల్లలంటే పది విభాగాలు. తీపివన్నీ ఒకటి, పుల్లవన్నీ ఒకటి, పొయ్యిలో కాల్చినవన్నీ ఒకటి. కాదంటారా, మన ప్రదర్శన మూసేసి నెదర్‌స్కార్ వాళ్ళ ప్రదర్శనలో కలిపేయడమే. ఏప్రిల్ సమావేశంలో ఓటింగు పెడదాం."

నెదర్‌స్కార్ పక్క ఊరు. అక్కడివాళ్ళ క్యారెట్లు నిటారుగా ఉండవు, మనుషులు అంతకంటే కాదు. వాళ్ళలో కలవడమా! అన్నిటికీ మించి, ఆంబ్రోజ్ పెంచిన తీగనంతా కత్తిరించే అవకాశం వెరిటీ చేతికొచ్చింది. బొగ్గులైన బంగాళాదుంపలు గుర్తుకొచ్చాయి. తీర్మానం తనే రాస్తానంది. ఓట్లు పోగేయడానికి ఇల్లిల్లూ తిరుగుతానంది.

మొదట విల్ఫ్ మెట్‌కాఫ్ ఇంటికి వెళ్ళింది. కొండవాలున గొర్రెలు కాసుకునే ముసలాయన, ఒంటరివాడు.

"విల్ఫ్, పికిల్‌నీ చట్నీనీ ఒక్కటి చేసేద్దామనుకుంటున్నాం. నీ ఓటు మాకేగా?"

విల్ఫ్ గోడ వైపు వేలు చూపించాడు. ఆయన వెనక పొయ్యి పైగోడ మీద ఎర్ర కార్డులు వరసగా అద్దాల చట్రాల్లో ఉన్నాయి. ఇల్లంతా దుమ్ము, ఆ చట్రాల మీద మాత్రం మచ్చుకైనా లేదు.

"ఇవన్నీ చట్నీకేనా?"

"ఆఁ. అంతా ఆ థ్వైట్ గాడి పుణ్యం. మా ఆవిడ సూజన్ పోయాక పెరట్లో కాసిందంతా ఏం చేసుకోవాలో తోచక వెనిగర్‌లో పడేసి ఉడకేశాను తల్లీ. ప్రదర్శనలో పికిల్స్ పక్కన పెట్టాను. వాడొచ్చి ఒక చెంచా నోట్లో వేసుకుని, దీన్ని పికిల్ అన్నవాడెవడురా అని గుడారం అదిరేలా అరిచాడు. సీసా వాడి నెత్తిన బోర్లిద్దామనుకున్నా. 'ఇది చట్నీరా దద్దమ్మా! పికిల్స్ మధ్య దీన్ని పెట్టడం గొర్రెల మందలో గుర్రాన్ని తోలడం' అన్నాడు. మరుసటేడు చట్నీకి వేరే విభాగం పెట్టించాడు. మొరటు వెధవ."

"అందులో నీకు పోటీ ఎవరెవరు?"

"ఎవరూ లేరు." విల్ఫ్ ఛాతీ విరుచుకున్నాడు. "ఇన్నేళ్ళలో నన్ను ఓడించిన మొనగాడు లేడు!"

తరవాత మిస్ ప్రూడెన్స్ లాంబ్. పియానో టీచరు, అవివాహిత. ఆవిడ చేసే బన్నులు ఎంత గట్టివంటే, ఒకటి చేజారి కాలి మీద పడి పాలవాడు వారమంతా కుంటుతూ నడిచాడు. ఆ ఇంట్లో కూడా పియానో మీద ఎర్ర కార్డులు. ఆ ఇంట్లో కూడా అదే కథ.

"కేకుల పక్కన పెట్టానమ్మా. అందరూ నవ్వారు. ఆయనొచ్చి కొరికి, ఇది కేకని చెప్పిన మూర్ఖులెవరని వాళ్ళనే తిట్టాడు. పన్ను కూడా విరిగింది పాపం. విరిగిన పన్ను చేత్తో పట్టుకునే, బన్‌కీ కేక్‌కీ తేడా గురించి ఉపన్యాసమిచ్చాడు."

వెరిటీ ఇంటికొచ్చేసరికి బుర్రలో ఏదో తొలుస్తోంది. వెనకగదిలో అత్తగారు ఈడిత్ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కొండ మీది పొలం అమ్మేసి వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఆ గదిలోంచి బయటికొచ్చేది తక్కువ, మాట్లాడేది అంతకన్నా తక్కువ. ఆ గది కిటికీలోంచి కనిపించేవి ఒక గోడా, రెండు చెత్తడబ్బాలూ.

"వెరిటీ, నా విభాగం ఉంటుందామ్మా?" అంది ఈడిత్.

"మీకు విభాగమేంటి అత్తయ్యా?"

"డామ్సన్ చీజ్."

దాన్ని చీజ్ అంటారు గానీ అందులో పాలచుక్క ఉండదు. డామ్సన్ అనే నల్లటి పుల్లపండ్ల గుజ్జుని పంచదారతో గంటలకొద్దీ కాచి, కత్తితో కోసేంత గట్టిగా అచ్చుపోస్తారు. మన తాండ్రకి దూరపు చుట్టం. పోయిన శరదృతువులో పోసి పెట్టిన అచ్చు బీరువాలో బట్టల మధ్య పండుతోంది. అత్తగారు ఏటా ఏదో పట్టుకెళ్ళి వస్తుందని వెరిటీకి తెలుసు. ఏమిటో ఎప్పుడూ అడగలేదు.

"దాన్ని జామ్ పక్కన పెడతారా?" అని అడిగింది ఈడిత్. "జామ్‌లో పెడితే నేను తీసుకురాను. ఆంబ్రోజ్ ఒప్పుకోడు."

వెరిటీ రాసుకున్న తీర్మానాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

సమావేశం రోజున ఊరంతా హాల్లోనే ఉంది. ఈడిత్ కూడా వచ్చి చివరి వరసలో కూర్చుంది. మిసెస్ క్రాంప్టన్ టోపీ వేదికకి నీడ పడుతోంది. ఆవిడ ఓటింగు పెట్టలేదు, ముందుగా ఒక పళ్ళెం తెప్పించింది. పళ్ళెంలో రెండు చెంచాలు, వాటి మీద గుడ్డ.

"ఆంబ్రోజ్, ఇన్నేళ్ళూ ఇది వేరు అది వేరని మా ప్రాణాలు తోడారు. కళ్ళకి గంతలు కట్టుకుని రుచి చూసి చెప్పండి. సరిగ్గా చెబితే నా తీర్మానం చింపేస్తాను."

హాల్లో ఈలలు పడ్డాయి. మొదటిసారిగా ఆంబ్రోజ్ ముఖంలో రంగు తగ్గింది.

"రుచంటే? టేస్టా, ఫ్లేవరా?"

"నోరు తెరవండి."

మిస్ లాంబ్ స్కార్ఫు తీసి కళ్ళకి కట్టారు. మొదటి చెంచా నోట్లోకెళ్ళింది. ఆయన నమిలాడు, నమిలాడు, నములుతూనే ఉన్నాడు.

"తొక్కలున్నాయి... మార్మలేడ్!"

హాలు దద్దరిల్లింది. "మా థ్వైట్ గాడా మజాకా!" అని విల్ఫ్ బెంచీ గుద్దాడు. మిసెస్ క్రాంప్టన్ చిరునవ్వు చెరగకుండా రెండో చెంచా అందించింది. పసుప్పచ్చగా, నున్నగా, చిక్కగా ఉంది. లెమన్ కర్డ్ కాదది. నూరిన ఆవముద్ద. రవ్వంత తగిలితే మాడు పేలిపోయే ఇంగ్లీషు ఆవముద్ద, నిండు చెంచాడు.

ఆంబ్రోజ్ మింగాడు. ముఖం బీట్‌రూటైంది. స్కార్ఫు కిందనుంచి కన్నీళ్ళు ధారలు కట్టాయి. చెవుల్లోంచి పొగలు రావడం మొదటి వరసవాళ్ళు కళ్ళారా చూశారు. 

"లెమన్ కర్డ్," అన్నాడాయన బొంగురుగా. "మొదటి బహుమతి ఇచ్చెయ్యండి. మనిషిని ఇంతగా కదిలించిన లెమన్ కర్డ్ నా జన్మలో తినలేదు."

ముందు ఎవరికీ నవ్వాలనిపించలేదు. ఆ తరవాత ఎవరూ ఆగలేకపోయారు.

"చూశారా!" మిసెస్ క్రాంప్టన్ లేచి నిలబడింది. "నిమ్మకీ ఆవకీ తేడా తెలియని మనిషి! ఈయన మాట పట్టుకుని మనం ప్రదర్శనని ముక్కలు చేశాం!"

ఆంబ్రోజ్ గంతలు విప్పుకున్నాడు. "సంతలో ఒక కోడె నా ముక్కుని పలకరించింది," అన్నాడు, వంకర ముక్కు తడుముకుంటూ. "అప్పట్నుంచీ వాసనా లేదు, రుచీ లేదు. గంజీ గ్రేవీ నాకు ఒకటే." జీవితంలో మొదటిసారి రెండిటిని ఒకటేనన్నాడు. ఎవరూ ఆనందించలేదు.

"ఓటింగు పెట్టు వెరిటీ," అంది మిసెస్ క్రాంప్టన్.

వెరిటీ లేచింది. జేబులోంచి తీర్మానం తీసింది. విప్పలేదు.

"ఒక్క నిమిషం. విల్ఫ్, నీ చట్నీకి విభాగం ఏ ఏడు వచ్చింది?"

"సూజన్ పోయిన మరుసటేడు."

"మిస్ లాంబ్, మీ బన్‌కి?"

"పిల్లలు పియానో మానేసి ఫుట్‌బాల్‌కి పోయిన ఏడు," అంది మిస్ లాంబ్ నేల చూస్తూ.

వెరిటీ మెడ చాచి హాలు వెనక్కి చూసింది. "అత్తయ్యా, మీ డామ్సన్ చీజ్‌కి?"

చివరి వరసలో ఈడిత్ లేచి నిలబడింది. "పొలం అమ్మి నీ వెనకగదిలోకి వచ్చిన ఏడమ్మా."

ఆ మాట వెరిటీకి ఆవముద్దకంటే ఘాటుగా తగిలింది. ఆమె ఆంబ్రోజ్ వైపు తిరిగింది.

"అయితే మీరు ఆ చట్నీ రుచే చూడలేదు. మా అత్తగారి చీజ్ మీకు తెలియనే తెలియదు. ఆ బన్‌కి పన్ను పోగొట్టుకున్నారు, అది తీపో చేదో కూడా తెలియకుండా! ఇన్నేళ్ళూ మీరు చూసింది సీసాల్లోకి కాదు. పట్టుకొచ్చిన మొహాల్లోకి. అవునా కాదా?"

"అవునంటే..." ఆంబ్రోజ్ కర్రకోసం తడుముకున్నాడు. "యెస్సనాలా, యా అనాలా?"

"నోర్ముయ్యరా ఆంబ్రోజ్," అంది ఈడిత్. ఆ గొంతు వినడం చాలామందికి అదే మొదలు. "వాడికి జామ్ తెలీదు. మేం తెలుసు."

మిసెస్ క్రాంప్టన్ గొంతు సవరించుకుంది. "మనసు మంచిదే. కాదనను. కానీ బల్లలేవి?"

"ఒక్కో విభాగంలో ఒక్కరే కదండీ ఉన్నారు!" అంది వెరిటీ. అంటున్నప్పుడే ఆమెకీ తోచింది. "ఒక్కరికి బల్లెందుకు? ఎవరి కిటికీ వాళ్ళకి లేదూ? ఎవరివి వాళ్ళ కిటికీలోనే పెట్టుకుంటారు. న్యాయనిర్ణేత వీధివెంట నడిచొస్తాడు. ఊరంతా వెనక నడుస్తుంది. గుడారం లాంకషైర్ వాళ్ళనే ఉంచుకోమనండి, మనకి ఊరే గుడారం! ఒప్పుకున్నవాళ్ళు హ్యాండ్స్ అప్!"

"ఆగండాగండి!" కర్ర నేలకి తాకింది. "హ్యాండ్స్ అప్ అనేది బందిపోటు. సభలో అయితే రెయిజ్ యువర్ హ్యాండ్స్ అనాలి. నువ్వు మమ్మల్ని దోచుకుంటున్నావా, ఓటడుగుతున్నావా?"

ఈసారి హాలంతా రెండేసి చేతులెత్తింది. ఏ మాటకి ఎత్తారో ఇప్పటికీ తేలలేదు.

సెప్టెంబరులో ఆ శనివారం స్కెల్‌బెక్ చూడాల్సిందే. ప్రతి కిటికీలోనూ తెల్లగుడ్డ, గుడ్డ మీద సీసానో పళ్ళెమో, వెనక నిలబడి దాని యజమాని. వెక్కిరిద్దామని వచ్చిన నెదర్‌స్కార్ వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వీధి ఈ కొసనుంచి ఆ కొసకి నడిచి, మళ్ళీ మొదటికొచ్చి నడిచారు. విల్ఫ్ ఇంటి ముందు జనం వరస కట్టారు. ఆయన చట్నీతోపాటు సూజన్ కథ కూడా ప్రతివాళ్ళకీ చెప్పాడు. మిస్ లాంబ్ కిటికీ తెరిచి పియానో వాయించింది. సాయంత్రానికి ఇద్దరు పిల్లలు ఫుట్‌బాల్ వదిలి లోపలికొచ్చి కూర్చున్నారు.

వెరిటీ తన కొట్టు ముందు కిటికీలోంచి సబ్బుల గోపురాన్ని తీసేసింది. అక్కడ కుర్చీ వేసి ఈడిత్‌ని కూర్చోబెట్టింది. ఈడిత్ డామ్సన్ చీజ్ పల్చగా కోసి అందరికీ పంచుతూ, పొలం గురించి, ఆవుల గురించి, ఆ కొండ మీద పడే మంచు గురించి మాట్లాడిన మాటలకి సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. ఆ కుర్చీని తరవాత మళ్ళీ లోపలికి తీసుకెళ్ళలేదు. వీధిలోకి చూస్తూ కూర్చుంటే కొట్లో బేరాలు కూడా ఆవిడే చూసుకుంటుందని వెరిటీ అంది.

ఇక మిగిలింది జామ్. జామ్ విభాగంలో మిసెస్ క్రాంప్టన్ ఒక్కతే. అవును మరి, మిగతావాళ్ళందరూ ఎప్పుడో వేరు పడ్డారు కదా! ఊరందరిలోకీ ఆవిడదే పెద్ద కిటికీ, దక్షిణం వైపు. పొద్దుటి నుంచీ ఎండంతా సీసా మీదే పడింది. రిపన్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత అటర్‌బీ సన్నటి, నవ్వని మనిషి. సీసా వంచాడు. జామ్ కదలకూడదు. కదిలింది. కదలడమేమిటి, ఏట్లో నీళ్ళలా జారింది. ఇలాంటి పోటీల్లో ఒక నియమముంది: సరుకు స్థాయికి తగ్గితే, పోటీలో ఒక్కరే ఉన్నా సరే, మొదటి బహుమతి ఇవ్వకుండా ఆపేయవచ్చు. అటర్‌బీ నీలం కార్డు తీసి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎదురు ఎవరూ లేని పోటీలో రెండో స్థానం!

వీధి వీధంతా నవ్వాపుకోలేక గోడలు పట్టుకుంది. వెరిటీ మాత్రం కార్యదర్శిగా ఏదో ఒకటి చెప్పాలని ఆ ఇంట్లోకి వెళ్ళింది. మిసెస్ క్రాంప్టన్ వంటగదిలో ఉంది. టోపీ లేదు. ముక్కు ఎర్రగా ఉంది.

"ఉల్లిపాయలు తరుగుతున్నాను," అంది ఆవిడ. చుట్టుపక్కల ఎక్కడా ఉల్లిపాయ లేదు.

అంతలో ఆంబ్రోజ్ తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు. చేతిలో ఆ జామ్ సీసా. వేలితో ఇంత తీసుకుని నాకాడు. కళ్ళు మూసుకుని, చప్పరించి, కర్ర నేలకి తాటించాడు.

"ఆగండాగండి! దీన్ని జామ్ అన్నదెవరు?"

"పోండి బయటికి! మీకు రుచి తెలీదని ఊరంతా చూసింది!"

"రుచి తెలీదు. జారడం తెలుస్తోంది. ఇంత చక్కగా జారేదాన్ని పట్టుకెళ్ళి జామ్‌తో పోటీకి పెడతారా? ఏం అన్యాయమమ్మా! ఇది జామ్ కానే కాదు. దీనికి వచ్చే ఏడు వేరే విభాగం ఉండాలి. ఏమంటావమ్మాయ్?"

వెరిటీ ఊ అంది. నవ్వు ఆపుకోవడానికి చెంప లోపల కొరుక్కుంటోంది.

మిసెస్ క్రాంప్టన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. గరిటె అందుకుంది. నెత్తిన మొట్టడానికేమోనని వెరిటీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ ఆ గరిటె పక్కన పెట్టి, ముక్కు తుడుచుకుని, కుర్చీ లాగి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి. ఇంతకీ దీని పేరు ప్రిజర్వా, కాన్సర్వా? సరిగ్గా చెప్పండి, రెండూ ఒకటి కాదు కదా?"